కేశనాళికలో ఎదురీత: ఒక రక్తపరీక్ష వెనుక ఉన్న లెక్క

ప్రతి సంచికలోనూ ఏదో ఒక జబ్బు గురించి, దానికి వాడే మందుల గురించి వ్రాస్తుంటాము. ఈసారి ఒక పరీక్ష గురించి, ఆ పరీక్ష జరిగే వెంట్రుకంత సన్నని గాజుగొట్టం గురించి, ఆ గొట్టంలో నీరు ఎలా కదులుతుందో కంప్యూటరులో ముందుగానే లెక్కకట్టే పద్ధతి గురించి వ్రాయదలచాము. ఇదంతా మనకెందుకు అనుకోకండి. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాము. ఒక పసిబిడ్డ విషయంలో పొరబడిన తర్వాత గానీ దాని విలువ మాకు తెలియలేదు.

ఒక ఏజెన్సీ గ్రామం నుండి భార్యాభర్తలు నెలన్నర టీకా కోసం బాబును తీసుకొని మన ఆసుపత్రికి వచ్చారు. తల్లికి సికిల్ లక్షణం ఉన్నట్లు గర్భవతిగా ఉన్నప్పుడే ఒక శిబిరంలో తేలింది. తండ్రి ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. "డాక్టరమ్మ గారూ, బాబుకి కూడా ఉందేమో ఒకసారి చూడండమ్మా" అని అడిగాడు. మేము సాల్యుబిలిటీ పరీక్ష చేశాము. ఒక చుక్క రక్తాన్ని మందునీటిలో కలిపి, గొట్టం వెనుక గీతలు గీసిన కాగితం పెట్టి చూస్తాము. సికిల్ హిమోగ్లోబిన్ తగినంత ఉంటే నీరు మబ్బుగా మారి గీతలు కనబడవు. బాబు రక్తంతో గీతలు స్పష్టంగా కనబడ్డాయి. "ఏమీ లేదు, ధైర్యంగా వెళ్ళండి" అని చెప్పి పంపాము.

పదవ నెలలో వారు తిరిగి వచ్చారు. బాబుకు జ్వరం. రెండు చేతులు, రెండు పాదాలు బన్నుల్లా ఉబ్బి ఉన్నాయి. ముట్టుకుంటే కెవ్వుమంటున్నాడు. సికిల్ సెల్ వ్యాధి పసిపిల్లల్లో తరచుగా ఇలాగే మొదట కనబడుతుంది. నగరంలోని పెద్ద ల్యాబుకు రక్తం పంపితే వ్యాధి ఖాయమని రిపోర్టు వచ్చింది. "మీరే లేదన్నారు కదమ్మా" అన్నాడు తండ్రి. కోపంగా కూడా అనలేదు. మాకు జవాబు దొరకలేదు.

పొరబాటు ఎక్కడ జరిగిందో చెప్పాలి. పుట్టిన బిడ్డ రక్తంలో ఎక్కువ భాగం గర్భంలో తయారైన ఎఫ్ రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పెద్దల్లో ఉండే ఎ రకం గానీ, జబ్బు కలిగించే ఎస్ రకం గానీ నెలలు గడిచే కొద్దీ పెరుగుతాయి. నెలన్నర బిడ్డలో ఎస్ చాలా తక్కువగా ఉంటుంది కనుక నీరు మబ్బుగా మారదు. ఆరు నెలల లోపు బిడ్డకు ఆ పరీక్ష మీద ఆధారపడరాదు. పుస్తకంలో ఉన్న మాటే. రద్దీలో మేము మరచిపోయాము. పైగా ఈ పరీక్షకు ఇంకో లోపం ఉంది. మబ్బుగా మారినా, ఆ మనిషి ఒక్క జన్యువు మాత్రమే మోస్తున్న వాహకుడా, రెండు జన్యువులూ ఉన్న రోగియా అన్నది చెప్పలేదు. ఈ తేడా తెలియక ఏ జబ్బూ లేని వాహకులైన ఆడపిల్లల సంబంధాలు చెడిపోవడం మేము చూశాము.

నగరం నుండి వచ్చిన రిపోర్టులో ఒక గీత ఉంది. కొండల వరుసలా లేస్తూ పడుతూ ఉంటుంది. ఒక్కొక్క శిఖరం ఒక్కొక్క రకం హిమోగ్లోబిన్. బాబు రిపోర్టులో ఎస్ శిఖరం, ఎఫ్ శిఖరం ఉన్నాయి. ఎ ఉండవలసిన చోట నేల చదునుగా ఉంది. ఈ పరీక్షే నెలన్నరకు చేయించి ఉంటే అప్పుడే తెలిసేది, ఎందుకంటే ఎస్ ఎంత కొంచెం ఉన్నా దాని శిఖరం విడిగా నిలబడుతుంది, ఎ లేకపోతే లేనట్లు తెలుస్తుంది. దీని పేరు క్యాపిల్లరీ ఎలక్ట్రోఫోరెసిస్. క్యాపిల్లరీ అంటే కేశనాళిక.

గట్టు మీద నుండి లాగే తాడు

ఈ గొట్టంలో నీటిని పంపు తోయదు. విద్యుత్తు లాగుతుంది. ఎలాగంటే, గాజుకు నీరు తగిలినప్పుడు గాజు ఉపరితలం నుండి హైడ్రోజన్ అయానులు విడిపోయి, గోడకు ఋణావేశం మిగులుతుంది. నీటిలో కరిగిన ఉప్పులోని ధనావేశపు అయానులు ఆ గోడ దగ్గరకు చేరి పలుచని పొరగా నిలుస్తాయి. గొట్టం రెండు చివర్లకు విద్యుత్తు ఇవ్వగానే ఆ పొరలోని అయానులు ఋణ ధ్రువం వైపు బయలుదేరతాయి. తమతో పాటు పక్కనున్న నీటిని ఈడ్చుకుపోతాయి. ఆ నీరు దాని పక్కనున్న నీటిని ఈడుస్తుంది. చివరికి గొట్టంలోని నీరంతా కదులుతుంది. బకింగ్‌హామ్ కాలువలో పడవలు నడిచిన రోజుల్లో గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. బలమంతా గట్టు దగ్గరే, కదిలేది మాత్రం నడిమధ్యన ఉన్న పడవ. ఇదీ అంతే.

దీనిని ఎలక్ట్రో ఆస్మాసిస్ అంటారు. మాస్కోలో ఆచార్యుడిగా ఉన్న రాయిస్ తడి బంకమన్నులో విద్యుత్తు పంపినప్పుడు నీరు దానంతట అది ఒక పక్కకు నడవడం గమనించి 1809లో ప్రకటించాడు. గోడ పక్కనున్న జంటపొర గురించి హెల్మ్‌హోల్ట్జ్ 1879లో వ్రాశాడు. స్మొలుచోవ్‌స్కీ 1903లో దాని వేగానికి సూత్రం ఇచ్చాడు. ఆ సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. సెంటీమీటరుకు 100 వోల్టులు ఇచ్చి, గోడ దగ్గర 50 మిల్లీవోల్టుల పొటెన్షియల్ ఉందనుకుంటే, నీరు సెకనుకు మిల్లీమీటరులో మూడో వంతు దూరం నడుస్తుంది. చీమ కంటే చాలా నెమ్మది. అయినా మూడు సెంటీమీటర్ల కాలువను ఒకటిన్నర నిమిషంలో దాటుతుంది.

ఇందులో రెండు మేలులు ఉన్నాయి. పంపుతో తోస్తే గొట్టం వెడల్పు సగమయ్యేసరికి అదే ఒత్తిడికి నీటి వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. విద్యుత్తుతో లాగితే అలా కాదు, సన్నని గొట్టంలోనూ వేగం అంతే ఉంటుంది. రెండవది ఇంకా ముఖ్యం. పొలం కాలువలో పిడికెడు పసుపు వేసి చూడండి. నడుమ నీరు త్వరగా, అంచుల నీరు నెమ్మదిగా పోవడంతో పసుపు నాలుకలా సాగిపోతుంది. విద్యుత్తు లాగిన నీరు అంచు నుండి అంచు దాకా ఒకే వేగంతో, ఊరేగింపులో ముందు వరుస తిన్నగా నడిచినట్లు నడుస్తుంది. అందువల్ల ఒక హిమోగ్లోబిన్ గుంపు ఇంకొక గుంపులో కలిసిపోదు. రిపోర్టులో శిఖరాలు సన్నగా, విడివిడిగా కనబడడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక హిమోగ్లోబిన్ సంగతి. పరీక్షలో వాడే క్షార ద్రావణంలో హిమోగ్లోబిన్‌కు ఋణావేశం ఉంటుంది. కాబట్టి అది ధన ధ్రువం వైపు వెళ్ళాలని చూస్తుంది. నీరు మాత్రం ఋణ ధ్రువం వైపు, దాని కంటే వేగంగా లాక్కుపోతుంది. వరద గోదావరిలో పులస ఎదురీదడం తెలుసు కదా. ఇక్కడ ప్రవాహం చేప కంటే బలమైనది, ఎంత ఈదినా వెనక్కే కొట్టుకొస్తుంది. అయితే గట్టిగా ఈదేది ఆలస్యంగా వస్తుంది, బలహీనంగా ఈదేది ముందుగా వస్తుంది. ఎ రకం కంటే ఎస్ రకానికి ఋణావేశం తక్కువ. అందుకే చివరనున్న వెలుగుకన్ను దగ్గరకు ఎస్ ముందు, ఆ తర్వాత ఎఫ్, ఆ తర్వాత ఎ చేరతాయి.

ఆ కొద్దిపాటి ఆవేశపు తేడాను మొదట చూపినవారు అమెరికాలో లైనస్ పౌలింగ్, ఆయన తోటివారు. 1949లో వారు సికిల్ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్తులో వేరుగా కదులుతుందని, వాహకుల రక్తంలో రెండు రకాలూ ఉన్నాయని చూపించారు. కొద్ది సంవత్సరాలకే ఇంగ్లండులో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా హిమోగ్లోబిన్ గొలుసులో ఆరవ స్థానంలోని ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని కనుగొన్నాడు. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉంది. ఇంత చిన్న అచ్చుతప్పు వలన బిడ్డ చేతులు ఉబ్బుతాయి. 1981లో జార్గెన్సన్, లూకాక్స్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్తలు 75 మైక్రాన్ల గాజుగొట్టంలో ఈ విధంగా వేరుచేయవచ్చని చూపారు. మన తల వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే.

మడులుగా విడగొట్టిన కాలువ

ఈ వివరాలు మాకు ఎలా తెలిశాయో చెప్పాలి. సంఘంలోని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి సెలవులకు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకొని మా ల్యాబుకు వచ్చాడు. సన్నని కాలువలలో విద్యుత్తు, అయానులు, నీరు ఎలా నడుస్తాయో లెక్కకట్టడమే అతని ప్రాజెక్టు. తెర మీద నీలం, ఎరుపు రంగులు కదులుతుంటే ఓపీ చీటీ కోసం కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చి, "ఇది ఎవరి రక్తం బాబూ?" అని అడిగారు. "ఎవరిదీ కాదు తాతగారూ, వట్టి లెక్క" అన్నాడు. "రక్తం లేకుండా రక్తపరీక్షా?" అని ఆయన నవ్వారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

అతడు మాకు చెప్పింది మా మాటల్లో చెబుతాము. వరిచేనును మడులుగా విడగొట్టినట్లు కంప్యూటరులో కాలువను వేలకొలది చిన్న గళ్ళుగా విడగొడతారు. ఒక్కొక్క గడికి లెక్క ఒకటే: పక్క మడి నుండి ఎంత వచ్చింది, అవతలి మడికి ఎంత పోయింది, ఎంత మిగిలింది. అయాను ఒక మడి నుండి ఇంకొక మడికి మూడు కారణాల వల్ల గట్టు దాటుతుంది. కిక్కిరిసిన చోటు నుండి పలుచని చోటుకు తనంతట తాను వ్యాపిస్తుంది. విద్యుత్తు లాగితే వెళుతుంది. నీరు మోసుకుపోతే వెళుతుంది. 19వ శతాబ్దం చివర నెర్న్‌స్ట్, ప్లాంక్ అనేవారు ఇచ్చిన సమీకరణం ఇదే.

చిక్కు ఎక్కడంటే, అయానులు ఎక్కడున్నాయో తెలిస్తే గానీ విద్యుత్తు లెక్క తేలదు. విద్యుత్తు తెలిస్తే గానీ నీటి వేగం తెలియదు. నీటి వేగం తెలిస్తే గానీ అయానులు ఎక్కడికి పోయాయో తెలియదు. ఇంట్లో ముగ్గురూ ఒకరి కోసం ఒకరు ఆగి ఎవరూ భోజనానికి కూర్చోనట్లు ఉంటుంది. కంప్యూటరు ముందు ఒక ఊహతో మొదలుపెట్టి, మూడు లెక్కలనూ మళ్ళీ మళ్ళీ తిప్పి, ఇక మారడం లేదు అనేదాకా చేస్తుంది.

ఇంకొక చిక్కు పొర మందం. గోడ పక్కనున్న అయానుల పొర ఉప్పు గాఢతను బట్టి ఒకటి నుండి పది నానోమీటర్లు ఉంటుంది. కాలువ వెడల్పు 50 మైక్రాన్లు. ఊహకు అందాలంటే, 50 మీటర్ల వెడల్పున్న పెద్ద కాలువలో గట్టు పక్కన మిల్లీమీటరు నుండి సెంటీమీటరు మందం పొర అన్నమాట. ఆ పొరలో ఏం జరుగుతోందో చూడాలంటే అంతకంటే చిన్న గళ్ళు కావాలి. అంత చిన్న గళ్ళతో కాలువంతా నింపితే లెక్క ఎప్పటికి తెమలాలి? అందుకని గోడ దగ్గర మాత్రం చిన్న గళ్ళు, నడుమ పెద్ద గళ్ళు వేస్తారు. లేదా పొరను పూర్తిగా వదిలేసి, గోడను ఆనుకొని ఉన్న నీరు స్మొలుచోవ్‌స్కీ సూత్రం చెప్పిన వేగంతో జారుతోంది అని వ్రాసుకుంటారు. ఈ దగ్గరిదారి చాలా సందర్భాలలో సరిపోతుంది. కాలువ నానోమీటర్లంత ఇరుకై, రెండు గోడల పొరలు ఒకదాన్నొకటి తాకినప్పుడు సరిపోదు. దగ్గరిదారిలో నడిచేవాడికి అది ఎక్కడ ఆగిపోతుందో తెలిసి ఉండాలి. మా సాల్యుబిలిటీ పరీక్ష కూడా ఒక దగ్గరిదారే కదా అని ఆ రోజు మాకు తోచింది.

ఈ లెక్కల వల్ల ప్రయోజనం ఏమిటంటే, 1990ల ఆరంభంలో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఆండ్రియాస్ మాంజ్, ఆయనతో పనిచేసినవారు గొట్టానికి బదులు చిన్న గాజుపలక మీదే కాలువలు చెక్కి ఈ పరీక్ష చేయడం మొదలుపెట్టారు. చేతిలో ఇమిడే పలకలో పొడవైన కాలువ పట్టాలంటే మలుపులు తప్పవు. మలుపు దగ్గర లోపలి అంచు దారి దగ్గర, బయటి అంచు దారి దూరం. బడి మైదానంలో పరుగుపందెం పెట్టినప్పుడు చూడండి, వంపు దగ్గర లోపలి వరుస పిల్లలు ముందుకు వచ్చేస్తారు. అలాగే తిన్నగా నడుస్తున్న హిమోగ్లోబిన్ వరుస మలుపులో ఏటవాలుగా మారి, పక్క వరుసతో కలిసిపోతుంది. రిపోర్టులో రెండు శిఖరాలు ఒకటైపోతాయి. మలుపు దగ్గర కాలువను సన్నబరిస్తే ఈ తేడా తగ్గుతుందని 2000 ప్రాంతంలో పరిశోధకులు కంప్యూటరు లెక్కలతో తేల్చారు. ఎంత సన్నబరచాలి, ఏ ఆకారంలో వంచాలి అనేదానికి వందల గాజుపలకలు చెక్కి పారేయవలసిన పని తప్పింది. రెండు కాలువలు శిలువ ఆకారంలో కలిసే చోట రక్తం పక్కదారుల్లోకి కారకుండా ఏ చివర ఎన్ని వోల్టులు ఉండాలో కూడా ఇలాగే ముందు తెర మీద చూసుకుంటారు.

వేడి సంగతి కూడా లెక్కలోకి వస్తుంది. విద్యుత్తు పారితే ద్రావణం వేడెక్కుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే నీటి చిక్కదనం సుమారు 2 శాతం తగ్గి, ప్రవాహం ఆ మేరకు వేగం పెరుగుతుంది. శిఖరాలు తమ చోటు నుండి జరుగుతాయి. ఎస్ పక్కనే డి అనే మరొక రకం ఉంటుంది. పాత పద్ధతిలో క్షార ద్రావణంతో పట్టీ మీద చేసే పరీక్షలో ఈ రెండూ ఒకే గీతలో పడేవి. శిఖరం కాస్త జరిగితే ఎవరికి ఏ జబ్బు అంటగడతామో ఆలోచించండి. అందుకే యంత్రాలలో గొట్టాలను ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంచే ఏర్పాటు ఉంటుంది.

అయితే లెక్క చెప్పలేనిది ఒకటి ఉంది: గోడ. ఆ విద్యార్థి తెర మీది గోడ ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. నిజమైన రక్తంలోని ప్రోటీనులు గాజుకు అంటుకుంటాయి. అంటుకున్న చోట గోడ ఆవేశం మారుతుంది, ప్రవాహం ఒక చోట వేగంగా, ఒక చోట నెమ్మదిగా లాగి, తిన్నని వరుస చెదురుతుంది. గోడ ఆవేశాన్ని కొలిచి లెక్కకు అందించాలే తప్ప లెక్క దానిని కనిపెట్టదు. "నీ ఎర్రని రంగులన్నీ బాగున్నాయి గానీ, మా గొట్టాలు కడిగేది ఎవరు?" అని మా ల్యాబ్ టెక్నీషియన్ అడిగితే ఆ అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. గాజు కేశనాళికలను కాస్టిక్ సోడా ద్రావణంతో కడగడం, ఏ రకం ఎంత ఉందో ముందే తెలిసిన నమూనాను నడిపి చూసుకోవడం అందుకోసమే. మా అభిప్రాయంలో లెక్క యంత్రాన్ని తయారుచేయడానికి, కడుగుడు దాన్ని నమ్మడానికి. రెండవది మానేసిన ల్యాబు రిపోర్టు ఎంత అందంగా అచ్చయినా ప్రయోజనం లేదు.

మీరు అడిగే ప్రశ్నలు

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. 40 సంవత్సరాల లోపు వయసున్న 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఇందులో ఉన్నాయి. మీ ఊరికి వచ్చే బృందం ముందు చేసేది సాల్యుబిలిటీ పరీక్ష కావచ్చు. అది పాజిటివ్ అన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. రెండవ పరీక్ష చేయించుకోనిదే ఇంట్లో ఎవరికీ ఏ పేరూ పెట్టకండి. ఆ రెండవ పరీక్ష క్యాపిల్లరీ పద్ధతిలో ఉండవచ్చు, హెచ్‌పీఎల్‌సీ అనే ఇంకో యంత్రంతోనూ ఉండవచ్చు. అందులో విద్యుత్తుకు బదులు పంపు పనిచేస్తుంది. రెండూ నమ్మదగినవే. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో కాగితపు పట్టీ మీద పది నిమిషాల లోపు ఈ విద్యుత్ పరీక్ష చేసే చిన్న పరికరాన్ని రూపొందించారు. కొండ మీది గ్రామాలకు అలాంటివి చేరితే నగరానికి రక్తం పంపి రోజుల తరబడి ఎదురుచూసే బాధ తప్పుతుంది.

బిడ్డకు రక్తం ఎక్కించవలసి వస్తే, ఎక్కించక ముందే పరీక్షకు నమూనా తీయించండి. ఎక్కించిన తర్వాత దాత హిమోగ్లోబిన్ కూడా శిఖరంగా కనబడి మోసం చేస్తుంది, మూడు నెలలు ఆగవలసి వస్తుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు అని కొందరు అనుకుంటారు. అది తప్పు. ప్రతి సారీ లెక్క మొదటి నుండి మొదలవుతుంది.

బాబు తండ్రి కూడా వాహకుడే అని తర్వాత పరీక్షలో తెలిసింది. మొదట మేము ఆయననే పరీక్షించి ఉండవలసింది. బాబు ఇప్పుడు పెన్సిలిన్, ఫోలిక్ ఆమ్లం, డాక్టరు సూచించిన హైడ్రాక్సీయూరియా వాడుతున్నాడు. న్యుమోనియా టీకా వేయించాము. జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఏ వేళనైనా తీసుకురావాలని తల్లికి చెప్పాము, ఆమె ఒకసారి అర్ధరాత్రి తీసుకొచ్చింది కూడా. అతని ఫైలులో రెండు కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయి: మేము ఇచ్చిన నెగటివ్ చీటీ, నగరం నుండి వచ్చిన శిఖరాల గీత. మొదటిదాన్ని తీసివేయమని ఎవరూ అడగలేదు, మేమూ తీయలేదు. ఇప్పుడు మన టీకాల గదిలో ఆరు నెలల లోపు పిల్లలకు సాల్యుబిలిటీ పరీక్ష చేయడం లేదు. తల్లిదండ్రులలో ఒకరు వాహకులని తెలిస్తే, రెండవవారి రక్తంతో పాటు బిడ్డ రక్తం రెండు మిల్లీలీటర్లు ఊదా మూత గొట్టంలో తీసి ఎలక్ట్రోఫోరెసిస్‌కు పంపుతున్నాము. నమూనా ఇవ్వడానికి వచ్చేటప్పుడు గర్భిణీ సమయంలో ఇచ్చిన కార్డు, బిడ్డకు ఎప్పుడైనా రక్తం ఎక్కించి ఉంటే ఆ తేదీ వ్రాసిన కాగితం వెంట తెచ్చుకోండి.